పీ0420: బార్డోలీ తాలూకా దర్యాప్తు

కారు డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో వెలిగే పసుపుపచ్చ దీపం దోషం ఉందని మాత్రమే చెబుతుంది. ఏ దోషమో చెప్పదు, ఎంత పెద్దదో చెప్పదు, బండి ఆపాలో పోనివ్వాలో అసలే చెప్పదు, పైగా తాళం తిప్పిన ప్రతిసారీ ఇంటల్లుడి అలక వలె కారణం బయటపెట్టకుండా యజమాని ముఖంలోకి చూస్తూ కూర్చుంటుంది. సర్వీసు సెంటరు గడప తొక్కకుండా ఇంట్లో ఉన్న కంప్యూటరుతోనే ఆ దీపం నోరు విప్పించవచ్చునన్న విశ్వాసం మధ్యతరగతి గృహస్థులలో ప్రబలంగా ఉన్నది. సూరత్‌కు తూర్పున, ధూలే వైపు పోయే జాతీయ రహదారి మీద ఉన్న బార్డోలీలో, జీజే-19 నంబరు పలకలతో తిరిగే కార్ల యజమానులు ఈ విషయంలో ఎవరికీ తీసిపోరు. మరమగ్గాల వెంట తెలంగాణ నుంచి సూరత్ జిల్లాకు వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు వారికీ తీసిపోరు.

సిద్ధాంతం సరళమే. ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటరు సెన్సర్ల నుంచి ఎడతెగకుండా కొలతలు తీసుకుంటూ, ఏదైనా కొలత హద్దు దాటినప్పుడు ఒక సంకేత సంఖ్యను, అంటే కోడ్‌ను, తన జ్ఞాపకంలో రాసి పెట్టుకుంటుంది; బండిలోనే అమర్చిన ఈ రోగనిర్ణయ వ్యవస్థకు పొట్టిపేరు ఓబీడీ. అమెరికాలో 1996 మోడలు కార్ల నుంచి దీని రెండో తరం తప్పనిసరి కాగా, భారతదేశంలో భారత్ స్టేజ్-4 నిబంధనల వెంట 2010 ఏప్రిల్‌లో మొదటి దశ, 2013 ఏప్రిల్‌లో రెండో దశ వచ్చాయి. ఈ సమాచారం బయటకు తీయడానికి స్టీరింగు కింద, డ్రైవరు మోకాలి దాపున, పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. ప్రపంచంలోని కార్ల కంపెనీలు ఏకాభిప్రాయానికి వచ్చిన అతి కొద్ది సంగతులలో ఆ సాకెట్ ఆకారం ఒకటి. తల కిందికి పెట్టి కాళ్ళు బయటికి చాపితే తప్ప అది కనబడకూడదన్నది రెండోది కాబోలు.

కంప్యూటరు మేడ మీద గదిలోనూ, కారు కింద వీధిలోనూ ఉండడం సొసైటీలలోని వరుస ఇళ్ళలో సహజ స్థితి. ఈ రెంటినీ కలిపే యూఎస్‌బీ తీగ ప్రమాణం ప్రకారం ఐదు మీటర్లకు మించరాదు; మెట్ల మలుపూ, గుమ్మమూ, గేటూ దాటి స్టీరింగు కిందికి చేరవలసిన దూరం ఏ వాస్తు ప్రకారం కట్టిన ఇంట్లోనూ ఐదు మీటర్లలో ఇమడదు. కాబట్టి గృహస్థు కంప్యూటరునే కారు దగ్గరికి తరలిస్తాడు: మానిటరు ముందు సీటు మీద, సీపీయూ వెనక సీటు మీద, కీబోర్డు ఒడిలో, కరెంటుకు ఇంట్లోంచి లాగిన ఎక్స్‌టెన్షన్ బాక్సు చెరుకు ట్రాక్టర్లు తిరిగే దారికి అడ్డంగా. దారినపోయేవారు ఇల్లు ఖాళీ చేస్తున్నారా అని పరామర్శిస్తారు. లాప్‌టాప్ ఉన్న ఇళ్ళలో ఈ యాతన లేదు గాని, అక్కడ అది పిల్లల చేతుల్లో ఉంటుంది, దాని పాస్‌వర్డు కూడా వారి చేతుల్లోనే ఉంటుంది, కారు రిపేరు కోసం దాన్ని తండ్రి అడిగి పుచ్చుకోవడం వేరే గ్రంథానికి సరిపడే విషయం.

కారుకూ కంప్యూటరుకూ మధ్య దుబాసీగా నిలిచే చిప్పు పేరు ఈఎల్ఎమ్327. కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అనే చిన్న సంస్థ దీన్ని రూపొందించి, మొదటి కూర్పుకు నకలు తీయకుండా కాపుదల పెట్టకపోవడంతో, అది నకళ్ళై లోకమంతటా పాకింది. చవకగా దొరికే తీగలలో ఉండేవి సాధారణంగా ఆ నకళ్ళే. వాటిని పట్టుకోవడం కష్టం కాదు: నీది ఎన్నో కూర్పు అని కంప్యూటరు అడిగినప్పుడు అవి తరచుగా 1.5 అని బదులిస్తాయి, ఎల్మ్ సంస్థ మాత్రం 1.5 అనే కూర్పును ఎన్నడూ విడుదల చేయలేదు. అసలు లేనిదానికి నకలు తీయడం తర్కశాస్త్రంలో కుందేటి కొమ్ము కోవకు చెందిన సాధన. 2022లో అసలు సంస్థ మూతపడగా, నకళ్ళు నేటికీ నిక్షేపంగా అమ్ముడవుతున్నాయి.

తీగతోబాటు అరచేతిలో ఇమిడే సీడీ ఒకటి వస్తుంది. కంప్యూటర్లలోంచి సీడీ అరను తీసేసి ఏళ్ళు గడిచినా, ఈ పెట్టెలోంచి సీడీని తీసేయాలని ఎవరికీ తోచలేదు. తీగలోని చిప్పును విండోస్ గుర్తుపట్టడానికి కావలసిన చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అంటారు, అది ఆ సీడీలోనే ఉంటుంది, దాన్ని చదవగల యంత్రం చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ ఉండదు. ఇంటర్నెట్‌లో వెతికి తెచ్చుకున్న డ్రైవర్‌ను యాంటీవైరస్ వైరస్ అంటుంది. యాంటీవైరస్‌ను ఆపివేయండి అని సాఫ్ట్‌వేర్ సూచనపత్రమే మొదటి వాక్యంలో చెబుతుంది, అంటే తాళం వేసిన ఇంట్లోకి తాను రాలేనని వచ్చేవాడే చెబుతున్నాడన్నమాట, ఈ ముక్కతో జాగ్రత్తపడవలసిన గృహస్థు దీన్ని సాంకేతిక సలహాగా స్వీకరిస్తాడు. నిజమైన డ్రైవర్ దొరికినా ప్రమాదం తప్పదు: 2014 అక్టోబరులో ఎఫ్‌టీడీఐ అనే చిప్పుల సంస్థ విండోస్ అప్‌డేట్ ద్వారా పంపిన డ్రైవర్, తన పేరు పెట్టుకున్న నకిలీ చిప్పులను వెతికి పట్టుకుని, వాటి గుర్తింపు సంఖ్యను సున్నా చేసి, వాటిని చచ్చినవాటి కింద జమకట్టింది, గగ్గోలు పుట్టాక ఆ డ్రైవర్‌ను వెనక్కి తీసుకున్నారు. ఇవన్నీ దాటిన తీగకు విండోస్ ఒక పోర్టు నంబరు, అంటే ద్వారం సంఖ్య, కేటాయిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకోవడానికి ఒకటి నుంచి నాలుగు వరకే ద్వారాలుంటే, తీగకు వచ్చిన సంఖ్య పదకొండో పదిహేనో అవుతుంది. పక్క సాకెట్‌లో గుచ్చి చూస్తే పదహారవుతుంది.

ఈలోగా ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉంచాలన్న నియమం వల్ల కారు బ్యాటరీ నీరసిస్తుంది. బ్యాటరీ వోల్టేజీ పడిపోతే కారులోని చిన్న కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేక, ఒకదాని మీద ఒకటి ఫిర్యాదు కోడ్‌లు రాసుకోవడం మొదలుపెడతాయి. ఒక్క దోషం పట్టుకోవడానికి వెళ్ళిన గృహస్థుకు ఏడెనిమిది దోషాలు కనబడి, వాటిలో రోగానివి ఏవో, వైద్యంవి ఏవో తేలక, చివరకు కారు స్టార్టు కాక, తోసిపెట్టడానికి ఎదురింటివారు రావలసి వస్తుంది.

అన్నీ కుదిరిననాడు తెర మీద పీ0420 అని వస్తుంది. మొదటి అక్షరం ఇంజిన్, గేరుబాక్సుల వర్గాన్ని సూచిస్తుంది. దాని పక్కనున్న సున్నా, ఇది అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్ అని చెబుతుంది. మిగిలిన అంకెలకు, పొగ గొట్టంలో విషవాయువులను విరిచే ఉత్ప్రేరక పెట్టె సామర్థ్యం హద్దుకన్నా తగ్గిందని అర్థం. ఈ పెట్టెలో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి లోహాలు ఉంటాయి కనుక దాని ధర నగల దుకాణం ధోరణిలో ఉంటుంది. కోడ్ చూసిన గృహస్థు పెట్టె పాడైందని నిర్ధారించుకుంటాడు, హైదరాబాదులోని బావగారూ వాట్సాప్‌లో అదే నిర్ధారిస్తారు. నిజానికి గొట్టం ఎక్కడో చిల్లుపడినా, పెట్టె వెనకనున్న ఆక్సిజన్ సెన్సర్ ముసలిదైనా, ఇంజిన్ నూనె తాగుతున్నా ఇదే కోడ్ రావచ్చు. అది కొలత మాత్రమే, కారణం కాదు.

అంకెను చూసి నమ్మి, స్థలానికి పోకుండానే తీర్పు చెప్పే ఈ పద్ధతికి బార్డోలీలో ఘనమైన పూర్వచరిత్ర ఉన్నది. దాన్ని ఇక్కడ చెప్పుకోవలసిన అగత్యం ఏమాత్రం లేకపోయినా, చెప్పుకోకుండా సాగిపోవడం ఊరికి అపచారం. బొంబాయి ప్రెసిడెన్సీలో భూమిశిస్తును ముప్పై ఏళ్ళకొకసారి సవరించేవారు. బార్డోలీ తాలూకా వంతు వచ్చినప్పుడు డిప్యూటీ కలెక్టరు జయకర్, తాపీ లోయ రైలుమార్గం వచ్చింది, ధరలు పెరిగాయి, పక్కా ఇళ్ళు లేచాయి, పాడి పశువులు హెచ్చాయి అన్న లక్షణాలను కూడి, శిస్తును సుమారు 30 శాతం పెంచవచ్చునన్నాడు. పైనున్న సెటిల్‌మెంటు కమిషనరు ఆండర్సన్ ఆ వాదనను పక్కకు నెట్టి, కౌలు లెక్కల పట్టికలను ఆధారం చేసుకుని, 29 శాతమన్నాడు. ఇద్దరి కారణాలకూ పొంతన లేదు, సంఖ్యలకు మాత్రం కవలల పోలిక. ఎటునుంచి అడిగినా ఒకే జవాబు చెప్పే పరికరాన్ని 1.5 కూర్పుగా అనుమానించాలన్న సూత్రం అప్పటికి లేదు. ప్రభుత్వం 1927లో 22 శాతం దగ్గర ఖాయం చేసుకుంది. 1928 ఫిబ్రవరిలో వల్లభ్‌భాయి పటేల్ నాయకత్వాన రైతులు శిస్తు కట్టడం మానేశారు. జప్తు బంట్రోతులు తోలుకుపోకుండా గేదెలను ఇళ్ళలో పెట్టి తలుపులు వేసుకుని, మనుషులూ వాటితోపాటే లోపల ఉండిపోయారు. ఆగస్టులో రాజీ కుదిరి, న్యాయాధికారి బ్రూమ్‌ఫీల్డ్, రెవెన్యూ అధికారి మాక్స్‌వెల్ విచారణకు దిగారు. ఈ బ్రూమ్‌ఫీల్డే 1922లో అహమ్మదాబాదులో గాంధీకి ఆరేళ్ళ శిక్ష వేసిన జడ్జి కనుక, పక్షపాతం ఉంటే అది రైతుల వైపు ఉంటుందని ఎవరూ అనుకోలేదు. వీరిద్దరూ ఊరూరా తిరిగి, రైతులను ఎదురుగా కూర్చోబెట్టి అడిగి, కౌలు లావాదేవీలను ఒక్కొక్కటిగా విప్పి చూసి, ముందరి అధికారులు చేశామన్న పరిశీలన పల్లెల్లో జరిగిన జాడ లేదని గ్రహించి, 1929లో తేల్చిన పెంపు 6.03 శాతం. అంటే బల్ల దగ్గర చేసిన రోగనిర్ణయంలో ఇంచుమించు నాలుగింట మూడొంతులు రోగమే కాదు. ఈ నిష్పత్తిని గ్యారేజీ బిల్లులకు వర్తింపజేసి చూడాలన్న కోరిక బార్డోలీ గడ్డ మీద పుట్టడం సహజం. అయితే బిల్లు మీద విచారణ సంఘం వేయించాలంటే ముందు తాలూకా అంతా కట్టుగా కార్లు నడపడం మానేయాలి, సాయంత్రం అమ్మాయిని ట్యూషన్‌కు దించవలసిన ఇళ్ళలో అంతటి త్యాగం సాధ్యం కాదు.

హాస్యం సంగతి అటుంచితే, గృహస్థును ఈ తీగల పాలు చేసింది కుతూహలం ఒక్కటే కాదు. ఉమ్మడి కోడ్‌లు దాటాక ఏబీఎస్ బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, తాళంచెవుల వంటివన్నీ కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌కే లొంగుతాయి, ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ సొంత డీలరుకే లొంగుతుంది. రోగనిర్ణయ పరికరాలనూ, విడిభాగాలనూ, రిపేరు పుస్తకాలనూ బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారన్న అభియోగం మీద భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న పద్నాలుగు కార్ల కంపెనీలకు రెండు వేల ఐదు వందల కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించి, వాటిని బయటివారికి అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టల్ కూడా తెరిచింది. ఇన్ని ఆదేశాల తర్వాత కూడా, వాయిదాలు కట్టి కొనుక్కున్న కారు తన గురించి తన యజమానికి ఏం చెప్పాలో ఇంకెవరో నిర్ణయించడం న్యాయం అనిపించుకోదు. డబ్బు పెట్టినవాడు నకిలీ తీగతో దొంగవలె మోకాళ్ళ మీద వంగి తన కారులోకే తొంగిచూడవలసి రావడంలో నవ్వవలసింది అతన్ని చూసి కాదు.

సూరత్ మరమగ్గాల షెడ్లలో, మగ్గం సరిచేసేవాణ్ణి జాబర్ అంటారు. నూరు మగ్గాల హోరులో నిలబడి, తేడాగా కొట్టుకుంటున్న ఒక్క మగ్గాన్ని చెవితో పట్టుకుని, స్పానరుతో నేరుగా దాని దగ్గరికి నడిచిపోయే జాబర్లు ఆ షెడ్లలో ఉండేవారు. సిరిసిల్ల, కరీంనగర్ వైపుల నుంచి పోయిన తెలుగువారికీ ఆ చెవి ఉండేది. మగ్గం వారిని పాస్‌వర్డు అడగలేదు. వారిలో ముసలివారైనవారు ఇప్పుడు కొడుకుల ఇళ్ళ వరండాల్లో కూర్చుని, కారు స్టార్టు కాగానే కింద గొట్టం దగ్గర ఏదో బుసకొడుతున్నదని అంటారు. తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండానే కొడుకు, "నువ్వుండు బాపూ, కోడ్ వస్తది" అంటాడు. ఆ మాట తప్పని చెప్పడానికి లేదు, కోడ్ రానే వస్తుంది. కానీ వినడం తెలిసిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టుకుని, వినడం రాని పరికరానికి పదే పదే డ్రైవర్లు ఎక్కించడం చూస్తే, పోయింది ఒక్క రిపేరు ఖర్చేనా అని సందేహం కలుగుతుంది.

చివరకు అధిక సంఖ్యాకులు చేసే పని ఒక్కటే. సాఫ్ట్‌వేర్‌లో కోడ్‌లను చెరిపివేసే మీట ఉంటుంది. అది నొక్కగానే దీపం ఆరిపోతుంది, ఇంటిల్లిపాదీ మిఠాయి తిన్నంత సంబరపడతారు. చాలా దోషాల విషయంలో వరుసగా రెండు ప్రయాణాలలో తప్పు కనబడితే తప్ప దీపం వెలిగించరాదన్నది కారు పాటించే మర్యాద కనుక ఆ సంబరానికి కొంత వ్యవధి ఉంటుంది. అయితే ఆ మీట కోడ్‌నే కాకుండా, దోషం పుట్టిన క్షణాన వేగం ఎంత, వేడి ఎంత అని కారు రాసి పెట్టుకున్న పంచనామాను కూడా తుడిచేస్తుంది. దీపం మళ్ళీ వెలగడానికి ముందే బండి గుర్రుమనడం మొదలై, రహదారి పక్క గ్యారేజీకి పోయినప్పుడు, మెకానిక్ చేతులు తుడుచుకుంటూ "కోడ్ శుఁ హతో?" అని, అంటే ఏం కోడ్ వచ్చిందని, గుజరాతీలో అడుగుతాడు. ఏ కోడ్ వచ్చిందో కాగితం మీద రాసుకున్న గృహస్థు ఇంతవరకు కనబడలేదు. "తో స్కానర్ లగావ్వుఁ పడ్‌శే", అంటే అయితే స్కానర్ పెట్టాల్సిందేనని, అతను లోపలికి పోయి తన పరికరం తెస్తాడు. స్కానర్ పెట్టినందుకు రుసుము వేరు, దొరకని కోడ్‌కూ అదే రుసుము.