పొద్దుగాల ఇక్కడ్నే ఉండె సార్!

మా అక్క మొగుడు సఫారీ గైడు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో, ఫర్హాబాద్ వైపు టూరిస్టుల్ని జీపులో తిప్పుతాడు. ఆ పని అడవిలోనే చేసుకుంటే నాకే ఇబ్బందీ లేదు. హైదరాబాదులో మా ఇంటికొచ్చినా డ్యూటీ దిగడు. చెప్పులు విప్పకముందే గుమ్మం ముందు గొంతుక్కూర్చుని, "బామ్మర్దీ, ఎవరో ఆడమనిషి వచ్చిపోయింది, కుడికాలు జర ఈడుస్తది" అంటాడు. మా పనిమనిషి మోకాలినొప్పి సంగతి మాకు అలా తెలిసింది. అక్కడితో ఆగాడా? నేను రాత్రి ఫ్రిజ్ తలుపు తీసిన విషయం పొద్దున కాఫీల దగ్గర సాక్ష్యాలతో రుజువు చేశాడు: గిన్నె మీద వంకరగా పెట్టిన మూత, గట్టు మీద మైసూర్‌పాక్ పొడి, దాని చుట్టూ చీమలు. మా ఆవిడ వెళ్ళి నా షుగర్ రిపోర్టు పట్టుకొచ్చింది.

ఈ చూపు ఆయనకు ఒక చెంచు పెద్దాయన పెట్టిన భిక్ష. పెద్దాయన నోరు విప్పేవాడు కాదట. బాట చివర మాత్రం "ఏం జూసినవ్?" అనేవాడట. "ఏం లే" అంటే వెనక్కి తిప్పి అదే బాట మళ్ళీ నడిపించేవాడట. రెండోసారికి ఎలుగుబంటి తవ్విన చెదపుట్ట కనబడేది. మూడోసారికి దుమ్ములో అడుగు. పులి గోళ్ళు లోపలికి ముడుచుకుని నడుస్తుంది కనుక ముద్రలో గోటి గుర్తు పడదు. దుమ్ములగొండికీ కుక్కకీ పడుతుంది. మగపులి అడుగు ఇంచుమించు చదరం, ఆడపులిది కాస్త కోల. ముద్ర మీదుగా రాత్రి పురుగు పాకిన గీత ఉందంటే, పులి ఆ పురుగు కన్నా ముందే వెళ్ళిపోయినట్టు. దుప్పి అరిచిందల్లా నమ్మి పరుగెత్తితే డీజిల్ దండగ. కణుజు అరిస్తే మాత్రం ఇంజను ఆపాల్సిందే. ఇవన్నీ విన్నప్పుడు బావ మీద నాకు నిజంగానే గౌరవం పుడుతుంది. ఆ గౌరవం మధ్యాహ్న భోజనం దాకా ఉంటుంది.

పెద్దాయన నేర్పింది చూడటమే. చెప్పటం మాత్రం బావ జీపులో, టూరిస్టుల మొహాలు చదివి నేర్చుకున్నాడు. నల్లమల పులి అడిగినవాళ్ళందరికీ దర్శనమివ్వదు. డబ్బు కట్టి, తెల్లారుజామున లేచి, పిల్లల్ని ఎత్తుకుని వచ్చినవాళ్ళకు ఏదో ఒకటి ఇచ్చి పంపాలి కదా! అందుకని ముందు చెట్టు మీద గోళ్ళ గీతలు చూపిస్తాడు. కాసేపు ఊరుకుంటాడు. తర్వాత ఒక పొద దగ్గర వాసన చూడమంటాడు. పులి తన హద్దు చెప్పటానికి చిమ్మినచోట బాసుమతి బియ్యం వాసన వస్తుంది, రెంటిలోనూ ఉండే రసాయనం ఒకటే. అందరూ ముక్కులు ఎగబీలుస్తారు. అప్పుడు అడుగుజాడ. ఆ తర్వాత గొంతు తగ్గించి, "పొద్దుగాల ఇక్కడ్నే ఉండె సార్."

ఇంట్లోనూ ఇదే వరస. గ్యాసు అయిపోయిందని మా అక్కకు చెప్పాలంటే మంట రంగు నుంచి మొదలుపెడతాడు. సిలిండరు దగ్గరికి చేరేసరికి పప్పు సగం ఉడికి ఆగిపోయి ఉంటుంది. (నాకు మాత్రం ఆ జబ్బు లేదా? అసలు ఈ వ్యాసంలోకి పులి ఇంతవరకూ వచ్చిందా?)

బావకు ప్రాణమైన కథ అసలు పులిది కాదు, కలివికోడిది. 1848లో జెర్డాన్ దొర లోకానికి చెప్పిన పిట్ట. 1900 తర్వాత శాస్త్రజ్ఞులెవరికీ కనబడక, ఇక లేదనుకున్నారు. 1986లో కడప జిల్లాలో ఒక స్థానిక వేటగాడు రాత్రి టార్చి వెలుగులో పట్టి చూపించాడు. "పుస్తకాలల్ల చచ్చిపోయిన పిట్ట, ఊర్లె బతికే ఉండె" అని బావ చెబుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. కాకపోతే ఆ టార్చి పట్టుకున్నది తనే అన్నట్టు చెబుతాడు. అప్పటికి బావ నిక్కర్లేసుకుని పలక పట్టుకుని తిరుగుతున్నాడు.

ఒట్టు, అబద్ధం మాత్రం ఆడడు. పులి కనబడని జీపుతో "అది మనల్ని చూసే ఉంటది సార్" అంటాడు, అంతే. మిగతాది వాళ్ళే చూసుకుంటారు. మొన్న ఒకాయన గేటు దగ్గర దిగీదిగగానే ఫోనందుకుని, "పొద వెనకాల నుంచి మమ్మల్నే చూస్తోందిరా, ఇరవై అడుగులు!" అని మొదలుపెట్టాడట. బావ మర్యాదగా పక్కన నిలబడి, ఫోను పెట్టేశాక దగ్గరికెళ్ళి అన్నాడట: "సార్, ఇరవై అంటే నమ్మరు. నలభై చెప్పుండ్రి."