సెలవుల్లో చదవకూడని పుస్తకాలు

ఏప్రిల్ 23న ప్రపంచ పుస్తక దినోత్సవం. ఇంచుమించు అవే రోజుల్లో మన బడులకు వేసవి సెలవులు. ఈ రెండూ ఒకేసారి వచ్చిపడటం వల్ల పిల్లలకు జరుగుతున్న నష్టం ఇంతా అంతా కాదు.

‘ఈ వేసవిలో తప్పక చదవాల్సిన పది పుస్తకాలు’ అంటూ జాబితాలు మామిడిపళ్ల కంటే ముందే దిగుతాయి. పదిలో తొమ్మిది ‘ఎలా’ బాపతు. డబ్బు సంపాదించడం ఎలా, తెల్లారి ఐదింటికి లేవడం ఎలా, అలవాట్లు మార్చుకోవడం ఎలా, ఎదుటివాణ్ణి బుట్టలో వేసుకోవడం ఎలా. పదోది మాత్రం టాల్‌స్టాయ్ ‘వార్ అండ్ పీస్’. అది చదువుతారని ఎవరికీ ఆశ లేదు. జాబితా రాసినాయన సామాన్యుడు కాడని తెలియాలి కదా! అయినా బయట నలభై అయిదు డిగ్రీల ఎండ కాస్తుంటే, నెపోలియన్ సైన్యం రష్యా మంచులో గడ్డకట్టుకుపోవడం చదివితే కాస్త చల్లగానే ఉంటుందని ఒప్పుకుంటాను.

ఇది చాలదన్నట్టు కొన్ని బడులు ఒక ఫారం కూడా ఇస్తున్నాయి. పుస్తకం పేరు, పేజీలెన్ని, కొత్త పదాలెన్ని, నేర్చుకున్న నీతి ఏమిటి, తల్లిదండ్రుల సంతకం. ఒక పిల్ల పొరపాటున మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టర్ పార్వతీశం’ చదివిందనుకోండి. 1924లో మొదటి భాగం వచ్చింది మొదలు జనం పొట్ట పట్టుకుని నవ్వుతున్న పుస్తకం. నీతి గడిలో ఏం రాయాలి? ‘ఇంగ్లండు వెళ్లే తొందరలో టోపీ కొనేటప్పుడు, అది ఆడవాళ్లదో మగవాళ్లదో ముందు విచారించవలెను’ అనా? ముళ్ళపూడి ‘బుడుగు’ అయితే మరీ ప్రమాదం. వాడికి చదువు చెప్పబోయిన పెద్దవాళ్ల గతి చదివాక ఏ తండ్రి సంతకం పెడతాడు? నవ్వానని రాసుకోవడానికి ఆ ఫారంలో గడే లేదు.

విచిత్రమేమిటంటే, ఈ జాబితాలు రాసే పెద్దమనుషుల్లో ఏ ఒక్కరూ జాబితా చూసి పాఠకులు కాలేదు. వాళ్లను చదివించింది వీధి చివర అద్దె పుస్తకాల కొట్టు. రోజు లెక్కన అద్దె కాబట్టి, రేపటికి ఇంకో రోజు డబ్బులు పడతాయన్న భయంతో ఒక్క మధ్యాహ్నంలో మధుబాబు షాడోను పూర్తిచేసిన వీరులు వాళ్లు. లెక్కల పుస్తకం మధ్యలో దాచుకుని యండమూరి ‘తులసీదళం’ చదివి, రాత్రి దొడ్లోకి వెళ్లడానికి అమ్మను తోడు లేపినవాళ్లు. యద్దనపూడి ‘సెక్రటరీ’ని పక్కింటావిడ చదివి ఇచ్చేదాకా నిద్రపోని అమ్మలు కన్న పిల్లలు. అంతకు ముందు తరంలో కొవ్వలి నవలలు రైల్వే స్టేషన్లలో చవగ్గా అమ్ముడవుతుంటే, ఆడపిల్లలు చెడిపోతారని పెద్దలు తెగ బెంగపడ్డారు. ఎంతమంది చెడిపోయారో గానీ, చదవడం మాత్రం అలవాటు చేసుకున్నారు.

చందమామ సంగతి చెప్పనే అక్కర్లేదు. దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’ సీరియల్ చదివి ఏ పిల్లాడైనా వ్యక్తిత్వ వికాసం సాధించాడా? మాంత్రికులు, భయంకరమైన అడవులు, చిత్రా వేసిన బొమ్మలు. వచ్చే నెల సంచిక కోసం పోస్ట్‌మ్యాన్‌కు కాపలా కాయడం. శుద్ధ దండగ! అలా దండగపడ్డవాళ్లే ఇవాళ మన రచయితలూ సంపాదకులూ అయి కూర్చున్నారు. సెలవులు రాగానే పిల్లల చేతికి ‘ఎలా’ పుస్తకం ఇస్తున్నదీ వాళ్లే.

‘ఏది పడితే అది చదివితే అభిరుచి ఏం కావాలి?’ అంటారు. అసలు అభిరుచి పుట్టేది అక్కడే. ఇరవయ్యో పేజీలో ‘ఛీ, బాగాలేదు’ అని విసిరికొట్టగలిగినవాడికే ఇంకోటి బాగుందని తెలుస్తుంది. డేనియల్ పెన్నాక్ అనే ఫ్రెంచి రచయిత, బడిపంతులే ఆయన కూడా, 1992లో పాఠకుడికి పది హక్కులు రాసిచ్చాడు. అందులో మొదటిది అసలు చదవకుండా ఉండే హక్కు. మూడోది పుస్తకం మధ్యలో వదిలేసే హక్కు. మన దగ్గర ఏ పంతులైనా ఆ మాట అంటే మర్నాడే తల్లిదండ్రుల సమావేశం పెట్టి సంజాయిషీ అడుగుతారు.

పుస్తకాలు కొనిపెట్టే స్తోమత లేదని బాధపడేవాళ్లకు ఒక మాట. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మన ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఎప్పుడో కట్టేశాం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అంతే. కాబట్టి ఈ మేలో పిల్లల్ని ఊళ్లో ఉన్న శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్లండి. లోపల వదిలేసి మీరు గుమ్మం బయటే ఉండండి. వాళ్లు ఏ పుస్తకం తీశారో మాత్రం అడక్కండి.