ఎనభై ఇరవై

అమెరికాలో బీఫ్ కీమా ప్యాకెట్ మీద మార్కులు వేసి అమ్ముతారు. 73/27, 80/20, 85/15, 93/7, కొన్నిచోట్ల 96/4 కూడా. మొదటి అంకె కండ, రెండోది కొవ్వు. ఇంటర్ మార్కుల మెమో చుట్టూ బతుకంతా తిరిగిన తెలుగువాణ్ణి ఆ అర ముందు నిలబెడితే ఏం తీస్తాడో చెప్పడానికి పంచాంగం అక్కర్లేదు. టెక్సస్‌కు వచ్చిన కొత్తలో మా ఆయన తొంభై ఆరు తెచ్చాడు. ఎనభై తెచ్చుకున్న ప్యాకెట్‌కేసి ఆయన చూసిన చూపు, మా మామగారు ఒకప్పుడు ఆయనకేసి చూసిన చూపే.

ధర కూడా ర్యాంకును బట్టే ఉంటుంది. తొంభై ఆరుకు ఎక్కువ, డెబ్భై మూడుకు తక్కువ. కానీ కూర అయ్యాక చూస్తే మొదటి ర్యాంకు ముద్ద గొంతు దిగదు. పక్కన మజ్జిగ గ్లాసు పెట్టుకుని కూర్చోవాలి. మాంసానికి రుచీ మెత్తదనమూ ఇచ్చేది కొవ్వు. అది నాలుగు శాతానికి వచ్చాక మిగిలేది పట్టుదల మాత్రమే. ఎనభై ఇరవై పౌండు తీసుకుంటే, అంటే 453 గ్రాములు, అందులో తొంభై గ్రాముల దాకా కొవ్వుంటుంది. బర్గర్‌కు అది సరిగ్గా సరిపోతుంది. మన కూరకు నా ఓటు ఎనభై అయిదుకు. తొంభై మూడు ఇంటికొచ్చేస్తే తిట్టుకోకుండా టమాటా, పెరుగు పోసి పులుసుగా వండుకోవచ్చు. వేపుడు మాత్రం చేయకూడదు.

ఈ మార్కులకు బోర్డు కూడా ఉంది. గ్రౌండ్ బీఫ్ అని రాయాలంటే కొవ్వు 30 శాతం మించకూడదని అమెరికా వ్యవసాయ శాఖ నియమం. అంటే డెబ్భై వస్తే పాస్. విడిగా కొవ్వు తెచ్చి కలపడం హాంబర్గర్ అని రాసిన ప్యాకెట్‌కు చెల్లుతుంది, గ్రౌండ్ బీఫ్‌కు చెల్లదు. గ్రేస్ మార్కులు ఒకరికే అన్నమాట. మార్కులతో పాటు కొన్నింటి మీద ఇంటిపేర్లూ ఉంటాయి: చక్ అంటే భుజం వైపు, రౌండ్ అంటే వెనక తొడ, సర్లాయిన్ అంటే నడుము దగ్గరిది. భుజంలో కొవ్వెక్కువ, తొడలో తక్కువ. కూరకు నేను భుజాన్నే నమ్ముతాను.

మా అమ్మకు ఈ లెక్కలేవీ పట్టవు. కరీంనగర్ దగ్గర మా ఊళ్లో పెద్ద కూర తెచ్చే రోజున ఆమె మాంసాన్ని తర్వాత చూసేది, ముందు కోసేవాడి ముఖం చూసేది. ఆవును కోయకూడదని 1977 నుంచి చట్టం ఉంది కాబట్టి అక్కడ పెద్ద కూరంటే చాలావరకు బర్రెదో దున్నపోతుదో. హైదరాబాద్ కల్యాణి బిర్యానీలో పడేదీ అదే. "పొద్దుగాల కోసిందేనా? నా మొఖం జూసి చెప్పు" అనేది. అతను చెప్పేవాడు. అబద్ధమైతే వచ్చే ఆదివారం దుకాణం ముందే పంచాయితీ. ఇక్కడ ప్లాస్టిక్ ట్రేను ఏ ముఖం పెట్టుకుని అడగాలి? నయమేమిటంటే ఇర్వింగ్, రిచర్డ్‌సన్ వైపు హలాల్ దుకాణాలున్నాయి. అక్కడ ముక్క చూపించి, కళ్లెదుటే మరపట్టించుకోవచ్చు. కౌంటర్ వెనకాల చాచా "బారీక్?" అని హైదరాబాదీ యాసలో అడిగితే ప్రాణం లేచొస్తుంది. సన్నగా వద్దు, గరుకుగా ఒక్కసారే తిప్పమనండి. రెండుసార్లు తిప్పితే పేస్టవుతుంది. కబాబులకు బాగుంటుంది, కూరకు కాదు.

అమ్మకూ నాకూ అసలు యుద్ధం జరిగింది కడగడం మీద. వీడియో కాల్‌లో నేను ప్యాకెట్ కోసి తిన్నగా కడాయిలో వేయడం చూసింది.

"కడుగకుండనే ఏస్తున్నవా బిడ్డా?"

"కడగొద్దంటరమ్మా ఇక్కడ."

"ఎవలు? పోలీసోళ్లా?"

పచ్చి మాంసాన్ని నల్లా కింద పెడితే మురికి పోవడం మాట అటుంచి, ఆ నీళ్లు చింది సింకుకూ గట్టుకూ పక్కనున్న కొత్తిమీరకూ సూక్ష్మజీవులు అంటుకుంటాయని, ఉడికితే ఎలాగూ చస్తాయని చెప్పాను. పైగా కీమాను జల్లెట్లో వేసి కడిగితే సగం రుచి కాలువలోకి పోతుంది. అమ్మ అంతా విని, "మేం ముక్కలు కడిగినంకనే కొట్టిస్తుంటిమి" అంది. అందులో న్యాయం ఉంది, నా దగ్గర జవాబు లేదు. ఆమె దృష్టిలో ఇప్పటికీ నేను కడగని కూర తినే దాన్ని. మా పిన్నికి కూడా చెప్పింది.

రంగు సంగతి ఇంకో తమాషా. ప్యాకెట్ పైన ఎర్రగా నిగనిగలాడుతుంది, విప్పి చూస్తే లోపల బూడిద రంగు. పై పూత వేసి మోసం చేశారని మా ఆయన బిల్లు పట్టుకుని తిరిగి ఇచ్చేయడానికి బయల్దేరాడు. మోసం ఏమీ లేదు. కండలో మయోగ్లోబిన్ అనే పదార్థం ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ తగిలితే ఎర్రబడుతుంది, తగలని లోపలి భాగం అలా మబ్బుగా ఉండిపోతుంది. పైనా కిందా అంతా గోధుమ రంగుకు తిరిగి, చేతికి జిగురు తగిలి, వాసన తేడా కొడితే అప్పుడు పారేయాలి. ఆ చివరి పనికి మా అమ్మ ముక్కును మించిన పరికరం లేదు. కాకపోతే ఆ ముక్కుకు కూడా అందని సూక్ష్మజీవులున్నాయి. వాటి సంగతికి వస్తాను.

దాచడం దగ్గర అమ్మ నాకన్నా నాలుగాకులు ఎక్కువే చదివింది. మిగిలిన కూరను పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఎండేసేది. ఎండు తునకలు. కరెంటు అక్కర్లేదు, కాకుల్ని తోలడానికి ఒక మనవడుంటే చాలు. వానాకాలంలో అవి పడిన పులుసు వాసనకు వాడకట్టంతా తెలిసిపోయేది, ఎవరింట్లో ఏముందో. కీమాకు ఆ అదృష్టం లేదు. దానికి ఫ్రిజ్‌లో ఆయుష్షు ఒకటి రెండు రోజులే, అదీ నాలుగు డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకపోతేనే. కింది అరలోనే పెట్టాలి, లేదంటే ఆ నెత్తురు నీళ్లు పెరుగు డబ్బా మీదికి కారతాయి. అంతకు మించి ఉంచాలంటే ఫ్రీజర్. మైనస్ 18 డిగ్రీల దగ్గర పాడవదు గానీ, మూడు నాలుగు నెలలు దాటితే రుచి చస్తుంది. ముద్దలా పడేయకుండా, జిప్ సంచిలో వేసి అప్పడాల కర్రతో పలచగా ఒత్తి పెట్టండి. కరగడానికి రాత్రంతా కూర్చోదు, తొందరగా దారికొస్తుంది. గట్టు మీద పెట్టి ఆఫీసుకు పోవడం మాత్రం వద్దు.

సంచి మీద తేదీ రాయమంటారు. మా ఆయన పేరు కూడా రాస్తాడు, కాకపోతే మారుపేరు. తినని స్నేహితులు ఇంటికొచ్చి ఐసు కోసం ఫ్రీజర్ తెరుస్తారని భయం. ఒకసారి "రాగి పిండి" అని రాశాడు. మా పక్కింటి ఆంటీకి సుగర్ ఉంది, జావ కాచుకుంటానని ఆ సంచి అడిగింది. ఆమెకు అది ఇవ్వకుండా ఉండటానికి మేమిద్దరం ఆడిన అబద్ధాలకు ఇంకో ఫ్రీజర్ కావాలి.

ఇక వండటం. వెడల్పాటి కడాయి బాగా వేడెక్కాక కీమా వేసి, కాసేపు దాన్ని ముట్టుకోకండి. మనకు చేతనైన పనులన్నిటిలో కష్టమైనది ఇదే. గరిటె చేతిలో ఉన్నాక కలపకుండా ఉండటం మన వంశాల్లో లేదు. కానీ కలుపుతూ పోతే నీళ్లూరి, ఉడికిన కీమా అవుతుంది, వేగిన కీమా కాదు. అడుగు ఎర్రబడ్డాక తిప్పి, పప్పుగుత్తితో మెదపండి. ఉండలు విరగడానికి ఇంత మంచి సాధనం అమెరికా ఇంకా కనిపెట్టలేదు. వదిలిన కొవ్వులోంచి రెండు చెంచాలు ఉంచి, మిగతాది ఖాళీ డబ్బాలోకి వంపండి, సింకులోకి కాదు. గడ్డకట్టి గొట్టం మూసుకుంటే వచ్చే ప్లంబర్ బిల్లుకు ఒక మేక వస్తుంది. ఆ ఉంచిన కొవ్వులోనే ఉల్లిగడ్డ, అల్లమెల్లిగడ్డ, పసుపు, కారం, ధనియాల పొడి. చివర్లో మెంతికూర. బఠానీలు వేసేవాళ్లతో నాకు పేచీ లేదు, వాళ్లింటికి భోజనానికి వెళ్లను, అంతే.

థర్మామీటరు మాట చెప్పి తీరాలి. మాంసం ముక్కకు సూక్ష్మజీవులు పైన అంటుకుని ఉంటాయి, పెనం తగలగానే చస్తాయి. కీమా కొట్టేటప్పుడు ఆ పైభాగం కాస్తా లోపలంతా కలిసిపోతుంది. 1993లో అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో సరిగా ఉడకని హాంబర్గర్లు తిని ఏడు వందల మందికి పైగా జబ్బు పడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. ఆ జబ్బు తెచ్చిన ఈ.కోలై అనే సూక్ష్మజీవి రకం ఉన్న పచ్చి బీఫ్ కీమాను అమ్మకూడదని ఆ మరుసటేడు ప్రభుత్వం తేల్చింది. ఇంట్లో చూసుకోవలసింది 71 డిగ్రీల సెల్సియస్. రంగును నమ్మొద్దు, ఉడకకముందే గోధుమ రంగుకు తిరిగే కీమా ఉంది. బర్గర్ నడుములో థర్మామీటరు గుచ్చుతుంటే మా అమ్మ ఫోన్‌లో చూసి, "కూరకు జరమొచ్చిందా బిడ్డా?" అంది. మనం కుతకుతా ఉడికించే కూరకు ఈ భయం లేదని, ఇది బర్గర్లకూ కబాబులకేనని చెబితే శాంతించింది. "మనం పచ్చిది ఎన్నడు తిన్నం?" అని ఒక మాట కూడా పడేసింది.

మొన్న మా కాలనీ తెలుగు పాట్‌లక్‌కు ఈ కూరే తీసుకెళ్లాను. మారుపేర్లతో విసిగిపోయి, తినని వాళ్ల పళ్లెంలోకి పొరపాటున పోకూడదని, గిన్నె ముందు పెద్ద అక్షరాలతో కాగితం పెట్టాను: "బీఫ్ కీమా, 80/20." మా ఆయన ఆ కాగితానికి ఆమడ దూరంలో, పులిహోర పక్కన నిలబడ్డాడు. వరస ఒక్క క్షణం ఆగింది. చాలామంది ముక్కులు ఎగబీల్చి ముందుకు కదిలారు. ఒకాయన కళ్లజోడు సర్దుకుని, కాగితం రెండుసార్లు చదివి, గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, ఎనభై ఇరవై అంటే... ఎనభై మటన్, ఇరవై బీఫా?"

నేను నోరు తెరిచి కండ, కొవ్వు అని మొదలుపెట్టేలోపే, "ఇరవయ్యే కదా, ఏం కాదులే" అని తనే తేల్చేసుకుని గరిటె అందుకున్నాడు. "కాదన్నా, మొత్తం బీఫే" అని చెప్పాను. ఆయన నా మాట విననట్టే రెండో గరిటె వేసుకున్నాడు. ఆయన భార్య మాత్రం పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడి, కాస్త సందేహంగా అంది:

"ఈసారి ఏడు శాతముండేది తే అక్కా."