‘కవర్ చేసేశాం’: టీకా తాత్పర్య సహితం

మూలము

ఫైనల్లీ దుబాయ్! ఫైవ్ డేస్‌లో మొత్తం కవర్ చేసేశాం. మీరు కూడా లైఫ్‌లో ఒక్కసారైనా వెళ్ళాలండీ.

అవతారిక

మెదకు సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అవసరం లేనిది చెప్పననీ ముందుగానే మాట ఇచ్చాడు. ఆయనకు చెల్లింది. ఆయన ముందున్నది మేఘసందేశం. నా ముందున్నది వాట్సాప్ సందేశం. ఇందులో మూలం మూడు వాక్యాలు, అవసరం సున్నా. కాబట్టి నేను ఆ మాట ఇవ్వడం లేదు.

కవి నివాసం సూరత్ పడమటి శివారు, హజీరా దారిలోని ఇచ్ఛాపూర్. ఇంకా సూక్ష్మంగా చెప్పాలంటే మా నెత్తి మీది ఫ్లాటు. ఉద్యోగం హజీరా ఫ్యాక్టరీల్లో ఒకదానిలో. పూర్వరచనలు ‘గోవా డన్’, ‘కేరళ డన్’. వ్యాఖ్యాత శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురంలో తెలుగు పాఠాలు చెప్పి, రిటైరై, కొడుకు దగ్గరికి వచ్చి చేరినవాడు. ఇచ్ఛాపురం నుంచి ఇచ్ఛాపూర్‌కి మారడంలో నాకు పోయింది ఒక సున్నా, వచ్చింది ఒక పొల్లు. ఇక్కడివాళ్ళు ‘ఇచ్ఛాపోర్’ అంటారు. కోరిక పేరు పెట్టుకున్న ఊళ్ళు దేశానికి ఆ తీరానా ఉన్నాయి, ఈ తీరానా ఉన్నాయి.

మా ఇచ్ఛాపురానికి మరో విశేషం ఉంది. బాహుదా నది ఒడ్డున, ఆంధ్రదేశం అయిపోయే చోట ఉండటం వల్ల పాదయాత్రలు కొన్ని మా ఊరొచ్చి ఆగుతాయి. 2003లో రాజశేఖరరెడ్డి, 2013లో షర్మిల, 2019లో జగన్మోహనరెడ్డి అక్కడే యాత్ర ముగించారు. వాళ్ళ రాజకీయం నాకు పట్టదు గాని, వాళ్ళ వెనక నడిచొచ్చినవాళ్ళ అరికాళ్ళు నేను చూశాను. అవి చూసినవాడికి ‘మొత్తం’ అనే మాట ఎవరైనా తేలిగ్గా అంటే చెవి నిక్కబొడుచుకుంటుంది.

ఇక పాఠపరిష్కరణ. ఈ కృతికి మూడు ప్రతులున్నాయి. అపార్ట్‌మెంట్ గ్రూపు ప్రతి పైన ఇచ్చినది. బంధువుల గ్రూపు ప్రతిలో ‘విత్ మై బెటర్ హాఫ్’ అని అదనంగా ఉంది. అత్తగారు ఆ గ్రూపులో ఉన్నందువల్ల చేరిన ప్రక్షిప్తం. ఆఫీసు గ్రూపు ప్రతిలో అసలీ పద్యమే లేదు. ఆ వారం కవిగారికి నడుం నొప్పి.

ప్రతిపదార్థము

ఫైనల్లీ = చిట్టచివరకు. దేనికి చివర అని శంక. 2023 డిసెంబరులో సూరత్ విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా వచ్చి, దుబాయికి నేరుగా విమానం మొదలైంది. అప్పట్నుంచీ మా అపార్ట్‌మెంటులో ఒక్కో అంతస్తూ దుబాయ్ వెళ్ళొస్తోంది. పై అంతస్తు వంతు ఆలస్యమైంది. ఆ ఉక్రోషమే ఈ పదం.

దుబాయ్ = దుబాయ్. సుగమం.

ఫైవ్ డేస్‌లో = ఐదు దినములలో. ఇది లెక్క తేలని స్థలం. మొదటిరోజు గది ఇంకా ఖాళీ కాలేదంటే హోటల్ లాబీలో సోఫా మీద గడిచింది. ఐదోరోజు సూట్‌కేసు తూచి, విప్పి, ఖర్జూరాలు తీసి, మళ్ళీ తూచడంతో గడిచింది. నడుమ మూడు రోజుల్లో ఒకటిన్నర షాపింగ్ మాల్‌ది. తక్కిన కాలంలో సగం ప్రతి దిర్హమునూ రూపాయల్లోకి గుణించడానికి పోయింది. 1966 దాకా అక్కడ చెల్లింది మన రూపాయే, గల్ఫ్ కోసం వేరే రంగులో అచ్చువేసింది. కవిగారు ఆరు దశాబ్దాల ముందు బయల్దేరి ఉంటే ఈ గుణకారం తప్పేది.

మొత్తం = సర్వము. ఇక్కడ కవితో వ్యాఖ్యాతకు పేచీ. బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు, అంతస్తులు 163. కవిగారి టికెట్టు 124, 125 అంతస్తులకు. 148లో ఇంకో వేదిక ఉంది గాని దాని ధర ఆయన ఇచ్ఛను దాటిపోయింది. తక్కిన అంతస్తుల్ని ‘మొత్తం’లో ఎలా కలుపుకోవాలో నాకు బోధపడలేదు.

ఈ సందర్భంలో కవిగారే ఒక ఉపాఖ్యానం చెప్పారు. లాబీలో సామాను మోసిన కుర్రాడు జగిత్యాల వైపువాడట. వచ్చి పదకొండేళ్ళట. “బుర్జ్ ఖలీఫా పైకెక్కావా?” అని ఈయన అడిగితే, “కింద నుంచి రోజూ చూస్తనే ఉంట కద సార్” అన్నాడట. కవిగారు దీన్ని హాస్యరసంలో చెప్పారు. నాకు నవ్వు రాలేదు. పదకొండేళ్ళున్నవాడు చూడనిది ఐదు రోజులవాడు ‘మొత్తం’ చూశాడంటే, ఆ మాటకి అర్థం నిఘంటువులో కాక టికెట్టు మీద వెతకాలి.

కవర్ = ఇది శ్లేష. తెలుగులో దీనికి ప్రసిద్ధార్థాలు నాలుగు. ఒకటి, ఉత్తరం పెట్టేది. రెండు, కూరల కొట్టువాడు “కవర్ల్లేవమ్మా, సంచీ తెచ్చుకోవాలి” అన్నప్పటిది. మూడు, “ఇంక కవర్ చెయ్యకు” అన్నప్పటిది, అనగా బుకాయింపు. నాలుగు, ‘కవరింగ్’ అయి మెడకెక్కేది. పెళ్ళికి బంగారం చాలనప్పుడు పరువు కాపాడేది. మా ఇచ్ఛాపూర్‌లో వజ్రాలకీ నగలకీ ఒక పార్కే ఉంది. రాతిని అద్దంలో పెట్టి చూసి దోషం చెప్పడం ఇక్కడివాళ్ళ వృత్తి. అలాంటి ఊళ్ళో ఉండి కవిగారు నాలుగో అర్థంలో వాడారంటే ఆయన ధైర్యం మెచ్చుకోవాలి.

మొదటి అర్థం దగ్గర కాస్త ఆగుదాం. ఉత్తరాల్లో సాగిన యాత్ర మనకొకటుంది. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయల్దేరి కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. సుమారు వందమంది పరివారం, పల్లకీలు, గుడారాలు. దారి పొడుగునా చూసినదల్లా మిత్రుడు శ్రీనివాసపిళ్ళెకు రాస్తూ వచ్చాడు. ఆ పిళ్ళెగారే 1838లో దాన్ని అచ్చువేయించాడు. ఏ ఊళ్ళో నీళ్ళు మంచివి, ఏ మజిలీలో సరుకులు దొరుకుతాయి, ఏ వాగు దాటడం కష్టం అన్నది రాశాడు. ఎందుకు? తన వెనక వచ్చేవాడికి పనికొస్తుందని. పదిహేను నెలలు పైగా తిరిగినవాడికి దేశం అయిపోయినట్టు తోచలేదు. కవిగారి నాలుగు వందల పన్నెండు ఫోటోల్లో, నా వంటి మోకాళ్ళ నొప్పివాడు ఎక్కడ కూర్చోవచ్చో చెప్పేది ఒక్కటి లేదు. అన్నిట్లోనూ కవిగారే నిలబడి ఉన్నారు.

చేసేశాం = చేసి + వేసితిమి. ‘వేయు’ ఇక్కడ అనుబంధ క్రియ. పని ముగిసిందనీ, దాన్ని వదిలించుకున్నామనీ తెలుపుతుంది. ఊడ్చేశాం, కడిగేశాం, పారేశాం. అన్నం తిన్నామంటే కడుపు నిండిందని. తినేశామంటే గిన్నె ఖాళీ అయిందని. ఈ మధ్య తెలుగువాడు ఊళ్ళనన్నిటినీ ‘చూసేస్తున్నాడు’. చిన్నప్పుడు పూరీ వెళ్ళొచ్చిన మా అమ్మ ‘జగన్నాథుణ్ణి చూశాను’ అనేది, బతికినన్నాళ్ళూ అనేది. ‘చూసేశాను’ అని ఉంటే మేము కంగారుపడేవాళ్ళం.

మీరు కూడా = ఇది ధ్వనిస్థానం, కావ్యానికి ప్రాణం. వాచ్యార్థం ఆహ్వానం. వ్యంగ్యార్థం ‘మీరు వెళ్ళలేదు’. భారమంతా ‘కూడా’ మీద ఉంది. ఆనందవర్ధనుడు ఈ ‘కూడా’ని చూసి ఉంటే ధ్వన్యాలోకంలో ఇంకో ఉద్యోతం చేర్చేవాడు.

ఈ ‘కూడా’ నాకెందుకు గుచ్చుకుందో చెప్పాలి. మా ఇచ్ఛాపూర్ నుంచి బండి మీద అరగంట పోతే సువాలి. నల్లటి ఇసుక, వెనక్కి చాలా దూరం పోయే అలలు, మొక్కజొన్న పొత్తుల బండ్లు. తాపీ ముఖద్వారం పూడిపోతూ ఉండటంతో పెద్ద ఓడలు సూరత్ దాకా రాలేక ఇక్కడే లంగరేసేవి. ఇంగ్లీషువాళ్ళ నోట్లో ఇది ‘స్వాలీ’. 1612లో థామస్ బెస్ట్ పోర్చుగీసు ఓడల్ని ఇక్కడే ఎదుర్కొని నిలిచాక సూరత్‌లో ఇంగ్లీషు కొట్టుకి కాలు ఊనింది. 1615 సెప్టెంబరులో ఇంగ్లండు రాజు దూతగా థామస్ రో దిగింది ఈ రేవులోనే. ఆయనకు సూరతే విదేశీ సముద్రతీర నగరం. దిగీదిగగానే ఆయన చేసిన మొదటి పని గొప్ప చూపడం. ఎదురొచ్చిన అధికారులు కూర్చున్న తివాచీ మీంచి లేస్తేగాని రానన్నాడు. తన మనుషుల్ని సోదా చేస్తే ఒప్పుకోనన్నాడు. చేతిలో ఫోన్ లేకపోయినా ఆయన మన కవులకు మూలపురుషుడే. కాకపోతే 1619 దాకా ఈ దేశంలో ఉన్నాడు. ‘ఇండియా డన్’ అనలేదు.

గొప్ప అన్నాను కనుక కతార్‌గామ్ దర్వాజా వైపున్న గోరీల సంగతి కూడా చెప్పనివ్వండి. ఇంగ్లీషువాళ్ళ శ్మశానంలో ఆక్సెండెన్ అన్నదమ్ములకు ఒకే గోరీ. క్రిస్టఫర్ 1659లో పోయాడు. 1664లో శివాజీ సూరత్ మీద పడినప్పుడు ఇంగ్లీషు కొట్టుని కాపాడుకున్న జార్జి 1669లో పోయాడు. క్రిస్టఫర్ గుమ్మటానికి చుట్టూ, పైనా జార్జి గుమ్మటం లేచి రెండంతస్తుల మేడ అయింది. డచ్చివాళ్ళు దీన్ని చూసి ఊరుకున్నారా? వాళ్ళ మనిషి వాన్ రీడ్ 1691లో సూరత్‌కి వస్తూ ఓడలోనే పోయాడు. అంతకన్నా పెద్ద గుమ్మటం, స్తంభాల వరసలు, పైన మేడ కట్టి పడుకోబెట్టారు. ఇంగ్లీషువాడిది తక్కువ కావాలనే కట్టారని చెబుతారు. చావులో కూడా ‘మీరు కూడా’ అనడమే ఇది. ఆ వాన్ రీడ్ సామాన్యుడు కాడు. మలబారులో ఉండగా స్థానిక వైద్యుల్ని కూర్చోబెట్టి, అక్కడి మొక్కల్ని బొమ్మలతో సహా 12 సంపుటాల ‘హోర్టస్ మలబారికస్’గా చేయించాడు. అది 1678 నుంచి 1693 దాకా ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. ఆఖరి సంపుటం చూడకుండానే పోయాడు. పుస్తకం తిరగేస్తే మొక్కలు కనిపిస్తాయి. గోరీ చూస్తే గొప్ప కనిపిస్తుంది. ఒకే మనిషి!

ఇదంతా నాకు పుస్తకాల్లోదే. మూడేళ్ళయింది నేనిక్కడికి వచ్చి. సువాలి ఒకసారి తీసుకెళ్ళరా అంటే మావాడు ‘ఈ ఆదివారం షట్‌డౌన్ నాన్నా’ అంటాడు. ఫ్యాక్టరీకి షట్‌డౌన్ అంటే వాడికి రెట్టింపు పని. తప్పు వాడిది కాదు. పైవాళ్ళకి కారుంది, ఆదివారముంది, బీచి ఫోటోలు నాకు చూపించే ఓపిక కూడా ఉంది. “సువాలి వెళ్ళారా?” అని అడిగితే కవిగారు “అక్కడేముంది మాస్టారూ!” అన్నారు. ఏముందో చెప్పబోయాను. అప్పటికి ఫోటో మారిపోయింది.

ఇంతకీ టీకా ఎక్కడ ఆపాను? ‘వెళ్ళాలండీ’ దగ్గర. సుగమం.

రసవిచారము

దంపతుల విహారం కనుక శృంగారం అంగిరసం కావాలి. కాని ఏ ఫోటోలోనూ నాయికానాయకులు ఒకరినొకరు చూసుకోలేదు. ఇద్దరి చూపూ ఫోన్ పట్టుకున్న మూడోమనిషి మీదే ఉంది.

తాత్పర్యము

టీవీలో ఫోటోలు తిరుగుతుండగా, కవిగారు మంచినీళ్ళకి లేచినప్పుడు, నేను వారి శ్రీమతిని అడిగాను. “నీకేది నచ్చిందమ్మా?”

ఆమె ఆలోచించింది. “బస్సు, బాబాయ్ గారూ.”

“ఏ బస్సు?”

“అబూధాబీ వెళ్ళేది. గంటన్నర నిద్రపోయాను. ఏసీ చలేస్తోందంటే ఆయన తన తువ్వాలు తీసి కప్పారు. లేచేసరికి గుడి వచ్చేసింది. ఇంట్లో నేనెప్పుడు పగలు పడుకున్నానో నాకే గుర్తులేదు.”

కవిగారు గ్లాసుతో వచ్చి, “అదేంటి, ఆ దారంతా వీడియో తీశాను కదా, నువ్వు చూడలేదా?” అన్నారు. ఆమె లేదన్నట్టు తల ఊపి, నా చల్లారిన కాఫీ వేడిచేసుకొస్తానని లోపలికి వెళ్ళింది.

ఆ రాత్రి ‘కవర్’ పదానికి ఐదో అర్థం రాసుకున్నాను: చలికి ముడుచుకున్న మనిషి మీద తువ్వాలు కప్పుట. దీనికి మూలంలో ఆధారం లేదు. మూలంలో లేనిది రాయనని నేను మాట ఇవ్వలేదు గనక చేర్చాను.