నీలం అంటే ప్రశాంతత అట!

హబ్సిగూడలో కొత్త ఫ్లాటు గృహప్రవేశానికి వెళ్తే పాలు పొంగిన గిన్నె కన్నా ముందు చూపించేది సోఫా వెనకాల గోడ. దాని మీద నాలుగడుగుల ఆబ్‌స్ట్రాక్ట్. కింద ఎర్రటి చార, పైన నీలం మరక, మధ్యలో కాస్త బంగారు రేకు. 'ఇదేమిటండీ?' అని అడగకూడదు. 'మీకేమనిపిస్తోంది?' అని వాళ్లే అడుగుతారు. మనం నీళ్లు నములుతుంటే జవాబూ వాళ్లే చెప్పేస్తారు: ఎరుపు ఆవేశం, నీలం ప్రశాంతత, పసుపు ఆనందం. ఇంటీరియర్ డిజైనర్ ఇచ్చిన పట్టిక అది.

ఇదంతా జరుగుతున్నది ఏ పేటలో? ఒకే రోడ్డు వెంట ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధనశాలలు ఉన్న పేటలో. రీడింగు చూడందే భూకంపాన్ని కూడా నమ్మని మనుషులు, నీలం చూస్తే మనసు కుదుటపడుతుందంటే తలూపి చెక్కు రాసిచ్చేస్తున్నారు.

సరే, నీలంతోనే మొదలెడదాం. నాగోలు–రాయదుర్గం మెట్రో నీలి లైను. ప్రశాంతత కావలసినవాళ్లు ఉదయం తొమ్మిదిన్నరకు హబ్సిగూడలో ఎక్కి, మెట్టుగూడ దాటేలోగా తమ బ్యాగు ఎవరి చంకలో ఉందో చెప్పాలి.

గులాబీ సంగతి ఇంకా బాగుంటుంది. 1979లో అమెరికాలోని సియాటిల్‌లో ఓ నావికాదళ జైలు గదికి ఒక రకం గులాబీ రంగు కొట్టి, ఖైదీలు మెత్తబడిపోయారని చాటారు. తర్వాత పరీక్షించినవాళ్లకు ఆ ఫలితం దక్కలేదు. అసలు అంత దూరం ఎందుకు? ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ 1939 నుంచీ గులాబీ గ్రానైట్‌లోనే నిలబడి ఉంది. 1969లోనూ, 2009లోనూ తెలంగాణ ఉద్యమం ఉడికింది ఆ గోడల ముందే. ఆ గులాబీ ఎవరినీ జోకొట్టలేదు. పైగా ఇప్పుడది ఒక పార్టీ జెండా రంగు. అది చూస్తే ఒకరికి ఒళ్లు పులకరిస్తుంది, పక్కవాడికి ఒళ్లు మండుతుంది. డబ్బాలో రంగు మాత్రం ఒకటే.

పట్టికలే కావాలంటే పెద్దవాళ్లవే ఉన్నాయి. రష్యా చిత్రకారుడు కాండిన్‌స్కీ 1911లో అచ్చయిన తన పుస్తకంలో నీలాన్ని ఆకాశానికెత్తాడు, పసుపులో పిచ్చి చూశాడు. మన గడపలు చూడలేదు పాపం. భరతముని నాట్యశాస్త్రంలో పసుపు అద్భుతానిది, నీలం బీభత్సానిది. అంటే సోఫా వెనక వేలాడుతున్నది రష్యా లెక్కలో దైవం, మన లెక్కలో డోకు. వాళ్లిద్దరినీ తప్పుపట్టను. ఒకాయన తన కంటికి తట్టింది రాసుకున్నాడు, ఇంకొకాయన నాటకం ఆడేవాళ్లకు కట్టుబాటు చెప్పాడు. దాన్ని ప్రకృతి ధర్మం చేసి చదరపు అడుగు లెక్కన అమ్ముతున్నవాడితోనే నా పేచీ.

భావం రంగులోనే ఉంటే, రంగు వెలిసిపోతే అదేమైనట్టు? మార్క్ రోత్కో 1964లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం భోజనశాలకు ముదురెరుపు కుడ్యచిత్రాలిచ్చాడు. తన చిత్రాలు మనిషి విషాదం గురించేనని చెప్పుకున్న మనిషి. అందులో వాడిన లిథాల్ రెడ్ ఎండకు ఆగే సరుకు కాదు. కిటికీలోంచి పడ్డ ఎండకు ఎరుపు ఎగిరిపోయి కొన్ని చోట్ల లేత నీలానికి దిగింది. పట్టిక ప్రకారం విషాదం ఎండలో ఆరి ప్రశాంతత అయిందన్నమాట! 1979కల్లా చిత్రాలను దింపి దాచేశారు. 2014లో ప్రొజెక్టర్ల కాంతి వేసి పాత ఎరుపు చూపించారు. స్విచ్ తీస్తే విషాదం బంద్. చీర కొనేటప్పుడు 'రంగు పోదుగా?' అని మూడుసార్లు అడిగే ఇల్లాలు కూడా ఈ లక్షల బొమ్మ దగ్గర ఆ మాట అడగదు. రసాయనశాస్త్రవేత్త మొగుడు పక్కనే నిలబడి ఉంటాడు.

మన చిత్తూరు జిల్లా నందనూరు నుంచి పారిస్ వెళ్లిన చిత్రకారుడు కృష్ణారెడ్డికి ఈ పట్టిక చూపిస్తే ఏమనేవాడో. ఒకే లోహపు పలక మీద సిరాల జిగట తేడాను వాడుకుని, మెత్తని రోలరూ గట్టి రోలరూ నడిపి, రంగులన్నీ ఒక్కసారే అచ్చు వేసే పద్ధతిని అక్కడి అటెలియర్ 17 స్టూడియోలో తీర్చిదిద్దిన వాళ్లలో ఆయనొకడు. ఆయన సుడిగుండం చిత్రం కన్నును లోపలికి లాక్కుపోతుంది. ఆ లాగుడు ఏ సిరాలో నూనె ఎంత, ఏ గాటు ఎంత లోతు, ఏ రంగు పక్కన ఏ రంగు అన్నదాంట్లో ఉంది. ఆ లెక్కలు సోఫా కవరుకు మ్యాచింగ్ వెతికేవాళ్లకు పట్టవు.

అన్నట్టు, డిజైనరు గారి పట్టికలో బూడిద రంగు లేదు. భరతుడు మాత్రం కపోతవర్ణాన్ని కరుణరసానికి ఇచ్చాడు. బాల్కనీలకు పావురాల వలలు కట్టిస్తున్న మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.