మేస్త్రీ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం:
"సింథటిక్ మంచిదే అన్నా, గని నీ బండికెందుకు? పైసలు దండుగ."

అవతారిక:
పంచ మహాకావ్యాలకూ వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి ఊరు మెదక్ జిల్లా కొల్చారం. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ముందే నియమం పెట్టుకున్నాడాయన. ఎదురుగా ఉన్నది కాళిదాసు గనుక ఆయనకు సాగింది. మా ఎదురుగా ఉన్నది లారీ. మొదటి నియమం పాటిస్తాం, రెండోదానికి హామీ లేదు.

ఈ సూత్రానికి కర్త ఒక్కడని చెప్పలేం. 65వ నంబరు జాతీయ రహదారి మీద చిట్యాల నుంచి కోదాడ దాకా, 44వ నంబరు రహదారి మీద జడ్చర్ల నుంచి అలంపూర్ చౌరస్తా దాకా, రేకుల షెడ్డు వేసుకున్న ఏ మేస్త్రీని కదిలించినా ఇదే మాట వస్తుంది. ఎవరు ముందన్నారో తెలియదు, రాసిన ప్రతి లేదు, నోటి నుంచి నోటికి వచ్చింది. కాబట్టి అపౌరుషేయం.

సందర్భం: ఓనరు ఎవరో చెప్పగా విని, మెరిసే రంగు డబ్బా చంకన పెట్టుకొని షెడ్డుకు వస్తాడు. మేస్త్రీ డబ్బా వంక చూడడు. డిప్‌స్టిక్ లాగి, గుడ్డతో తుడిచి, ఈ మాట అంటాడు.

పాఠాంతరం: పాలమూరు ప్రతుల్లో "పైసలు ఉత్తగ పోతయ్" అని ఉంది. అర్థంలో తేడా లేదు, ఓదార్పు కొంచెం ఎక్కువ.

ప్రతిపదార్థం:

సింథటిక్ = కృత్రిమంగా కూర్చిన నూనె అని కోశార్థం. డబ్బా మీది అర్థం వేరు. ఇంజన్ ఆయిల్‌కు ఆధారమైన నూనెలను అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ అయిదు గ్రూపులుగా విభజించింది. మొదటిది ముడిచమురు నుంచి ద్రావకాలతో శుద్ధి చేసినది. రెండోది హైడ్రోజన్‌తో శుద్ధి చేసినది. మూడోది అదే హైడ్రోజన్‌తో మరింత వేడి, మరింత ఒత్తిడి మీద అణువుల రూపమే మార్చినది. నాలుగోది పాలీ ఆల్ఫా ఒలిఫిన్, అంటే చిన్న అణువులను ఒకదానికొకటి అతికి ఫ్యాక్టరీలో కట్టినది. వీటిలో ఇమడనివన్నీ, ఎస్టర్లతో సహా, అయిదోదానిలోకి పోతాయి. పూర్వాచార్యుల మతంలో నాలుగు, అయిదు గ్రూపులే సింథటిక్. క్యాస్ట్రాల్ కంపెనీ మూడో గ్రూపు నూనెను కూడా ఆ పేరుతోనే అమ్మగా మొబిల్ కంపెనీ అభ్యంతరం చెప్పింది. ప్రకటనల తగవులు తీర్చే అమెరికా సంస్థ ముందు 1999లో క్యాస్ట్రాల్ పక్షం నెగ్గింది. మీమాంసకులు వందల ఏళ్లు వాదించుకోదగిన శబ్దార్థ నిర్ణయం ఒక ప్రకటన తగవులో తేలిపోయింది. అప్పటి నుంచి ఆ మాట చదివి డబ్బాలో ఏ గ్రూపు నూనె ఉందో చెప్పలేం. ఇక "సెమీ సింథటిక్" అంటే ఎంత పాలు కలిపారో డబ్బా చెప్పదు, అడిగినా చెప్పదు.

మంచిదే = ఏకారం అవధారణార్థకం. మేస్త్రీ నూనె గుణాన్ని శంకించడం లేదని గ్రహించాలి. నిజంగానే మంచిది. వేడికి తొందరగా చెడదు, జిడ్డు మడ్డి కట్టదు, ఆవిరై తరగడం తక్కువ, వేడెక్కినా చల్లారినా చిక్కదనం పెద్దగా మారదు. టర్బో ఉన్న ఇంజన్‌కు ఈ గుణాలు ఒంటబడతాయి. అయితే డబ్బాలో ఐదో వంతు దాకా ఉండేవి మసిని పట్టి ఉంచే, ఆమ్లాన్ని విరిచే, అరుగుదల తగ్గించే మందులు. ఆ మందులు మామూలు ఆయిల్‌లోనూ ఉంటాయి. ఆయిలు పోసిన నాలుగు రోజులకే నల్లబడిందని గోల చేసే ఓనర్లు ఇది తెలుసుకోవాలి. డీజిల్ ఇంజన్‌లో ఆయిలు నల్లబడిందంటే మందు పనిచేస్తోందని, మసిని గోడలకు అంటనీయకుండా తనలో ఉంచుకుందని అర్థం.

చలిలో పారే గుణం ఒకటి మిగిలింది. 15డబ్ల్యూ-40 అన్నప్పుడు డబ్ల్యూ శీతాకాలానికి గుర్తు. 15డబ్ల్యూ ఆయిలు సున్నాకు 20 డిగ్రీల దిగువన కూడా ఇంజన్‌ను తిరగనిచ్చేంత పలచగా ఉండాలని నియమం. 5డబ్ల్యూ అయితే 30 డిగ్రీల దిగువన. 40 అనేది ఇంజన్ కాగి 100 డిగ్రీలకు చేరినప్పటి చిక్కదనం. నల్లగొండలో ఏప్రిల్ ఎండకు బానెట్ మీద చేయి పెట్టలేని వాడికి 5డబ్ల్యూ అమ్మినవాడి నైపుణ్యాన్ని మెచ్చుకోవలసిందే.

ఆక్షేపం: జడ్చర్ల మీదుగా పోయే 44వ నంబరు రహదారి శ్రీనగర్‌లో మొదలవుతుంది కదా, ఆపిల్ పండ్లకు పోయిన బండి గతి ఏమిటి? సమాధానం: శ్రీనగర్ చలి కూడా సున్నాకు 20 డిగ్రీల దిగువ దాకా పోదు. 15డబ్ల్యూ అక్కడా స్టార్ట్ అవుతుంది. డ్రైవర్ స్టార్ట్ అవుతాడా అన్నది వేరే శాస్త్రం.

అన్నా = సంబోధన. వయసుతో నిమిత్తం లేదు. ఖర్చు వద్దనేవాడు అన్నా అంటాడు, ఖర్చు పెట్టించేవాడు సార్ అంటాడు.

గని = కాని. సూత్రానికి ఇదే కీలకం. దీనికి ముందున్నదంతా రసాయన శాస్త్రం, వెనకున్నదంతా అర్థశాస్త్రం.

నీ బండికి = ఇక్కడే వ్యాఖ్యాతలు పొరపడతారు. బండి అని ఏకవచనంలో ఉన్నంత మాత్రాన అన్ని బండ్లూ ఒకటి కావు.

మొదటిది వడ్ల బండి. వానకాలం, యాసంగి కోతల్లో కొనుగోలు కేంద్రాల నుంచి మిర్యాలగూడ మిల్లులకు తోలుతుంది. సీజను పోతే పల్లీ, పత్తి, సిమెంటు, ఏది దొరికితే అది. బండి ఇద్దరు ముగ్గురి చేతులు మారినది. మిల్లు ముందు వరుసలో నిలబడి, ముందు బండి కదిలినప్పుడల్లా స్టార్ట్ చేసి నాలుగు గజాలు జరుగుతుంది. రీడింగు కదలదు, ఆయిలు మాత్రం ముసలిదవుతుంది. ఎందుకంటే ఇంజన్ సరిగా కాగక ముందే ఆపడం వల్ల కాలని డీజిల్ రింగుల సందుల్లోంచి ఛాంబర్‌లోకి దిగి ఆయిల్‌ను పలచన చేస్తుంది. డీజిల్ కలిసిన తరువాత ఖరీదైన ఆయిలు కూడా డీజిల్ కలిసిన ఆయిలే. కిలోమీటర్లు చూసి మార్చే ఓనరు ఇక్కడ మోసపోతాడు. ఇలాంటి బండికి గంటల లెక్కే లెక్క. పైగా రింగులు అరిగి వెయ్యి కిలోమీటర్లకు లీటరు చొప్పున తాగే బండి అయితే, ఏడాదికి పాతిక వేలు తిరిగినా పాతిక లీటర్లు పైనుంచి పోయాలి. ఆ పాతిక లీటర్లు పొగై నార్కట్‌పల్లి గాలిలో కలిసేవే. లీటరు ఆరు వందల సింథటిక్ పొగకూ మూడున్నర వందల మామూలు ఆయిలు పొగకూ వాసనలో తేడా ఉండదు.

రెండోది టిప్పర్. కంకర, మొరం, గ్రానైటు, ఇసుక తోలేది. పాలమూరు, నల్లగొండ రెండింటా చల్క నేలే ఎక్కువ, క్వారీ బాట మీద ముందు బండి లేపిన దుమ్ములోనే వెనక బండి పోవాలి. ఆ దుమ్ములో ఉన్నది పలుగురాయి పొడి, ఇనుము కంటే గట్టిది. గాలి ఫిల్టర్ దాటి లోపలికి పోయిందంటే పిస్టన్‌కూ బోర్‌కూ మధ్య గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. అప్పుడు ఏ గ్రూపు నూనె కూడా అడ్డం పడలేదు. వాడిన ఆయిల్‌ను ల్యాబులో పరీక్ష చేయిస్తే ఇనుము ఎంత, మసి ఎంత, డీజిల్ ఎంత కలిసిందో చెబుతారు. ఆ కాగితంలో సిలికాన్ అన్న గడి ఒకటుంటుంది. అది పెరిగిందంటే మన ఊరి మట్టి ఇంజన్‌లో ఉందని భావం. ఈ బండి ఓనరు చేయవలసిన ఖర్చు గాలి ఫిల్టర్ మీద. దాన్ని కంప్రెసర్ గాలితో గట్టిగా కొట్టి మళ్లీ బిగించే క్లీనర్ కాగితాన్ని చింపుతున్నాడని, చిరుగు కంటికి కనిపించదని కూడా ఇక్కడే చెప్పి పెడుతున్నాం.

మూడోది బత్తాయి బండి. నల్లగొండ తోటల్లో కాయ నింపుకొని నాగపూర్ మీదుగా ఢిల్లీ దాకా పదిహేను వందల కిలోమీటర్ల పైచిలుకు పోతుంది. కాయ చెడకముందే చేరాలి గనుక ఆగదు. ఇంజన్ ఒకసారి కాగితే గంటల తరబడి ఒకే వేడి మీద నడుస్తుంది. చల్లారి, స్టార్ట్ అయి, చల్లారే బాధ లేదు. సింథటిక్‌కు తగిన పాత్ర ఏదైనా ఉంటే ఇదే. మేస్త్రీ సూత్రానికి ఇది అపవాదం.

పైసలు దండుగ = ఇది సిద్ధాంతం కాదు, లెక్క. వేసి చూద్దాం.

బత్తాయి బండి ఏడాదికి లక్ష కిలోమీటర్లు తిరుగుతుందనీ, ఛాంబర్‌లో 20 లీటర్ల ఆయిలు పడుతుందనీ, మామూలు ఆయిలు లీటరు 350, సింథటిక్ 600 అనీ అనుకుందాం. మీ ఊరి ధర వేరైతే మీ బిల్లు పెట్టి సరిచేసుకోండి. మామూలు ఆయిలు 25 వేలకోసారి మారిస్తే ఏడాదికి నాలుగు సార్లు, 28 వేల రూపాయలు. సింథటిక్ 50 వేలకోసారి మారిస్తే రెండు సార్లు, 24 వేలు. ఫిల్టర్లు రెండు జతలు, షెడ్డులో పోయే రెండు రోజులు అదనంగా మిగులుతాయి. అదే సింథటిక్ పోసి, మనసొప్పక పాత అలవాటున 25 వేలకే దించేస్తే 48 వేలు. మా పరిశీలనలో ఓనర్లలో ఎక్కువమంది చేసేది ఈ మూడోదే. డబ్బా మీద నమ్మకంతో కొంటారు, మార్చే రోజు వచ్చేసరికి ఆ నమ్మకం పోతుంది. దండుగ అని మేస్త్రీ అన్నది ఈ ఇరవై వేలను గురించి.

పూర్వపక్షం (సేల్స్‌మన్ మతం): మైలేజీ పెరుగుతుంది కదా?

ఉత్తర పక్షం: పెరుగుతుంది, కొంచెం. 15డబ్ల్యూ-40 నుంచి 10డబ్ల్యూ-30, 5డబ్ల్యూ-30 వంటి పలుచని ఆయిల్‌కు మారితే అర శాతం నుంచి ఒకటిన్నర శాతం దాకా డీజిల్ మిగులుతుందని ఉత్తర అమెరికా సరుకు రవాణా సామర్థ్య మండలి లెక్కగట్టింది. లీటరుకు నాలుగు ఇచ్చే మన బండి లక్ష కిలోమీటర్లకు 25 వేల లీటర్లు తాగుతుంది. అందులో ఒక శాతం 250 లీటర్లు, లీటరు 95 అనుకుంటే 23,750 రూపాయలు. తీసిపారేయదగ్గది కాదు. కాని ఆ మిగులు పలుచదనం వల్ల వచ్చింది. సింథటిక్ అయినా 15డబ్ల్యూ-40నే కొన్నవాడికి అందులో వచ్చేది అంతంత మాత్రం. పలుచని ఆయిలు పోయవచ్చునని బండి కంపెనీ పుస్తకంలో రాయకపోతే పోయకూడదు, బేరింగులు పోతాయి. ఇంకొక మాట. మక్తల్ మీదుగా కృష్ణా వంతెన దాటి రాయచూరు వైపు పోయే డ్రైవర్లు ట్యాంకు అటుపక్కనే నింపుకుంటారు. లీటరుకు రెండు రూపాయలు తేడా ఉన్నా 25 వేల లీటర్ల మీద 50 వేలు. టైర్లలో గాలి, డ్రైవర్ కాలి బరువు, ఈ రెండింటిలో ఉన్న శాతాలు ఏ డబ్బాలోనూ లేవు.

రెండో పూర్వపక్షం: కొత్త బండ్ల సంగతి?

ఉత్తరం: 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ స్టేజ్-6 బండ్లకు సూత్రం వర్తించదు. వాటికి పుస్తకమే ప్రమాణం. పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. మసిని అది కాల్చుకుంటుంది గాని ఆయిల్ మందుల బూడిదను కాల్చలేదు. అందుకే బూడిద ఒక శాతానికి మించని సీకే-4 వంటి గ్రేడు అడుగుతారు. ఈ గ్రేడు మామూలు ఆయిల్‌లోనూ దొరుకుతుంది. పాత సీఐ-4 సింథటిక్ ఎంత ఖరీదు పెట్టి పోసినా ఆ ఫిల్టర్ బూడిదతో నిండుతుంది. డబ్బా ముందువైపు పెద్దక్షరాలు వ్యర్థ పదాలు, వెనకవైపు చిన్నక్షరాలే మూలం.

అలంకారం: వ్యాజస్తుతిలో ఒక భేదం. పొగడ్త నూనెకు, తిట్టు బండికి, తగిలేది ఓనరుకు.

తాత్పర్యం: లోకల్‌లో తిరిగే పాత బండికి, దుమ్ములో తిరిగే టిప్పర్‌కు పుస్తకంలో ఉన్న గ్రేడు మామూలు ఆయిలు వేళకు మార్చడమే సరి. ఆగకుండా దూరం పోయే బండికి సింథటిక్ గిట్టుబాటు, మార్చే గడువు పెంచే ధైర్యం ఉంటేనే. ఆ ధైర్యం ల్యాబు కాగితం చూసి రావాలి, సేల్స్‌మన్‌ను చూసి కాదు.

ఫలశ్రుతి: ఈ టీకా చదివిన ఓనరుకు మైలేజీ పెరుగుతుందని మేము చెప్పం. ఏ ఆయిలు కొన్నా బిల్లుతో కొనండి. దించిన నల్ల ఆయిల్‌ను సెంట్రింగు పలకలకు రాసుకుంటామని అడిగేవాళ్లుంటారు. అది ప్రమాదకర వ్యర్థం, అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. ఖాళీ డబ్బాను మాత్రం ఎవరడిగినా అలాగే ఇవ్వకండి, అడుగున మేకుతో రెండు చిల్లులు పొడిచి ఇవ్వండి. లేకపోతే అదే డబ్బా, అదే మూత, లోపల వడకట్టిన పాత ఆయిలుతో, సింథటిక్ ధరకు మళ్లీ మీ షెడ్డుకే వస్తుంది.