కప్పం కట్టి రండి!

మేడారం జాతర నాలుగు రోజులు. టూరు ప్యాకేజీ మాత్రం ఒక్కరోజే! పొద్దున రామప్ప, మధ్యాహ్నం లక్నవరం వేలాడే వంతెన, పొద్దుగూకే వేళకు తల్లుల గద్దెలు. చిలకలగుట్ట నుంచి సమ్మక్క దిగివచ్చేదాకా ఆగుదామంటే గైడు వాచీ చూపిస్తాడు. ‘విగ్రహమేదీ?’ అని అడిగినాయనకు కుంకుమ భరిణె సంగతి చెప్పేలోపే బస్సు హారన్. జంపన్న వాగులో మునగడానికి తీరిక లేదు, సెల్ఫీకి ఉంది. నిలువెత్తు ‘బంగారం’ తూగే చోట మనది అరకిలో బెల్లం ముక్క. అదీ సరే. కరువులో కప్పం కట్టబోమని కాకతీయుల మీదే తిరగబడ్డారని కొలిచే తల్లుల దర్శనానికి, ప్యాకేజీ మీద జీఎస్టీ కట్టి మరీ వెళ్తున్నాం. భక్తులమే, వారసులం మాత్రం కాదు!